ఒక్క మూత నీళ్ళు

నెత్తురు తీసుకుపోయినవాళ్ళారా, మిమ్మల్నే అంటున్నాను.

మా బడి అరుగు మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఊరందరి చేతులూ రబ్బరుతో బిగించి, సూదులు గుచ్చి, గాజు గొట్టాలు నింపుకుని జీపెక్కి పోయారు. తర్వాత ఫోన్లకి నంబర్లు పంపారు. మా వదిన నంబరు పక్కన "జాగ్రత్త" అని ఒక్క మాట. దేనికి జాగ్రత్త? ఏం తినాలి, ఏం తాగాలి, ఏం మానాలి? ఆ మాట మీరు మింగేశారు. మీరు మింగిన మాట వినడానికి చేపలమ్ముకునే ఆడమనిషి చైనా దేశం దాకా పోవాల్సి వచ్చింది. సిగ్గుంటే చివరిదాకా చదవండి.

మా వదిన పేరు పెద్దతల్లి. సోంపేట దాటి సముద్రం వైపు పోతే మా పల్లె. తెల్లారి పడవలు ఒడ్డుకి రాగానే తట్ట నింపుకుని జలంత్రకోట జీడితోటల దాకా పోయి అమ్ముకొచ్చేది. ఆవిడ భర్త, అంటే మా అన్న గున్నయ్య, ఒంట్లో సత్తువున్నంతకాలం వేటకెళ్ళాడు. ఆ తర్వాత పలాసలో డయాలిసిస్ మంచం ఎక్కాడు. ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు. వేరే ఊళ్ళలో మనుషులు ఎదురుపడితే "అన్నం తిన్నావా" అంటారు. మా దగ్గర "క్రియాటినెంత?" అంటారు. నెత్తురు పరీక్షలో ఆ నంబరు పెరిగితే కిడ్నీలు పాడవుతున్నట్టు.

అన్నకి మూత్రం రావడం ఆగిపోయాక డాక్టర్లు నీళ్ళకి కొలత పెట్టారు. ఒక స్టీలు సీసా కొన్నాం. దాని మూతే కొలత. దాహమేస్తే ఒక్క మూత. ఆ మూత పోసే పని కూతురు ప్రవల్లికది. అప్పటికి హైస్కూలు పిల్ల.

"డాక్టరమ్మా, ఇంకో మూత పొయ్యవే" అని బతిమాలేవాడు అన్న.

"సాయంత్రం దాకా నేదు నాన్నా" అని అది సీసా వెనక్కి దాచేసేది.

ఆ ఎగతాళి పేరు దాని తలకెక్కి కూర్చుంది. అన్న పోయాక నిజంగానే డాక్టరు చదువుతానంది. మన దగ్గర సీటు రాలేదు, చైనాలో వచ్చింది. చోంగ్‌చింగ్ అని కొండల మీద కట్టిన పెద్ద ఊరు, రెండు నదులు కలిసేచోట. ఎలా చదివించామన్నది వేరే కథ, ఇప్పుడొద్దు. చదువు పూర్తయింది. పట్టా ఇచ్చే రోజుకి అమ్మా, అత్తా ఇద్దరూ రావాల్సిందేనని పట్టుబట్టింది. అక్కడే పిల్లల వైద్యంలో పెద్ద చదువుకి కూడా సీటొచ్చింది. ఇంకో మూడేళ్ళు.

ఇక్కడే మా వదిన నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. నెత్తురు పరీక్ష నంబరొచ్చింది చలికాలంలో. ప్రయాణం జూన్‌లో.

"కుమారీ, పాపకి సెప్పకే. సెప్పినావంటే పుస్తకాలు అక్కడే పారీసి ఒచ్చీత్తాది. దానికి అయ్య బుద్ధి, అడ్డం తిరిగితే ఆగదు."

"దాచితే తెలవదేటి ఒదినా? అది డాక్టరు."

"డాక్టరైతే ఏటి? నా కడుపున పుట్టినాది కదా. కడుపులోది దానికెలా తెలుత్తాది?"

ఒట్టేశాను. ఊళ్ళో నీళ్ళ కోసం బిందెలు రోడ్డు మీద పెట్టి బస్సులాపినదాన్ని, పోలీసుల మొహాన మాటలు విసిరినదాన్ని, మా వదిన ముందు మాత్రం నోరు పెగలదు.

నంబరొచ్చిన రోజే ఆవిడ అటక మీంచి అన్న సీసా దించింది. తోమింది. అన్నకి పెట్టిన కొలతే తనకీ పెట్టుకుంది. దాహమేస్తే ఒక్క మూత. నేను ఎందుకని అడగలేదు. మా ఊళ్ళో కిడ్నీ జబ్బుకి ఉన్న మొహం అదొక్కటే: సీసా, మూత. సీసా చంకలో పెట్టుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరూ ఏమీ అడగరు, దారిస్తారు.

కలకత్తా విమానాశ్రయంలో ఆ సీసా తిప్పలు పెట్టింది. లోపలికి నీళ్ళు పట్టుకెళ్ళకూడదని ఒక కుర్రాడు మూత తీసి గభాలున ఒంపేశాడు.

"ఓలమ్మో, ఇయ్యాల్టి నీళ్ళన్నీ పోయిసినావేటి నాయినా!" అని వదిన తల పట్టుకుంది.

"లోపల కుళాయిలున్నాయి మాసీ, ఎంత కావాలంటే అంత పట్టుకో" అన్నాడు వాడు హిందీలో.

ఎంత కావాలంటే అంత. ఆ మాట నేను తెలుగులో చెబితే వదిన నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చోంగ్‌చింగ్‌లో దిగగానే ప్రవల్లిక పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మని ఎత్తేసినంత పని చేసింది. వెంటనే దాని కళ్ళు చంకలోని సీసా మీద పడ్డాయి.

"నాన్న సీసా" అంది.

"ఆయన్ని కూడా తెచ్చినాను" అంది వదిన, కన్నార్పకుండా. "నువ్వు పట్టా తీసుకుంటే సూడాల కదా."

పిల్ల సీసా తీసుకుని చెంపకి ఆనించుకుంది. ఆ అబద్ధంలో సగం నిజమే కాబట్టి వదిన మొహం చెదరలేదు.

ఆ ఊరి గురించి నాకు తోచినట్టు చెబుతాను. కొండల్ని చదును చేసి కట్టిన ఊరు కాదది. కొండ ఎక్కడ ఎలా ఉంటే అక్కడ అలాగే మేడలు పాతేశారు. వీధిలోంచి ఒక భవనంలోకి నడిచి, లిఫ్టెక్కి, కిందికి, ఇంకా కిందికి దిగుతూ పోతే బయట మళ్ళీ వీధి, బస్సులు, కూరగాయల బళ్ళు.

"ఒలే పాపా, ఇది కింది ఈదా, పై ఈదా?"

"రెండూనమ్మా. కిందోళ్ళకి పైది, పైనోళ్ళకి కిందిది."

"మరి వానొత్తే నీళ్ళెవులింటికి ఎల్తాయి?"

ప్రవల్లిక నవ్వి పైకి చూపించింది. రైలొకటి గాల్లో వచ్చి నేరుగా ఒక పెద్ద మేడ పొట్టలోకి దూరిపోయింది. పైనా కిందా కాపురాలున్నాయి, బట్టలు ఆరేసి ఉన్నాయి. వదిన నోరు తెరుచుకుని చూసి, "మన పలాస టేసన్లో రైలు రాకముందే పట్టాల కాడికి పోతే ఈల ఊదుతారు. ఈళ్ళు రైలుని ఇంట్లోకే రానిత్తన్నారు. పిలకాయలెలాగ నిద్దరోతారే?" అంది.

నదులు కలిసేచోటికి తీసుకెళ్ళింది పిల్ల. ఒక నది ఆకుపచ్చన. ఇంకొకటి వరదొచ్చిన మా మహేంద్రతనయ ఏటి రంగు. రెండూ ఒకదాని పక్కన ఒకటి పోతాయి, కాసేపటిదాకా కలవవు. వదిన రంగులు చూడలేదు. నీళ్ళ మీద ఇటూ అటూ దేనికోసమో వెతికింది.

"ఇంత నదేటి, ఒక్క వల కనిపించదేటి?"

"చేపలు పట్టకూడదమ్మా. పదేళ్ళు ఆపేశారు, చేప పెరగాలని."

"పదేళ్ళా! మనకి ఏసంగిలో రెండు నెలలాపితేనే పొయ్యి ఎలగదు. మరి ఆ మడుసులేటి తిన్నారు?"

"వేరే పనులు సూపించారంట."

"అంట కాదు. కనుక్కో" అంది మా వదిన, నా కంటే గట్టిగా.

ఇక అసలు సంగతి. మొదటి రోజే, టాక్సీలోనే, వదిన నా తొడ గిల్లింది.

"సూసినావా? డైవరుకీ ఉన్నాది."

చూశాను. స్టీరింగు పక్కన పొడుగాటి ఫ్లాస్కు. ఎర్ర దీపం పడగానే మూత తీశాడు, ఒక్క గుక్క, మళ్ళీ మూత. మా అన్న తాగినట్టే. పాపం, బండి తోలి బతకాల్సిన మనిషి. దిగి హాస్టలు గేటు దగ్గరికొస్తే కాపలా ముసలాయన బల్ల మీద ఇంకో ఫ్లాస్కు. వీధులూడ్చే ఆడమనిషి బండికి వేలాడుతున్నది ఒకటి. బడిపిల్లల సంచుల పక్క జేబుల్లో. సాయంత్రం మైదానంలో పాటలు పెట్టుకుని వరసల్లో డాన్సు చేస్తున్న ముసలమ్మలు, పక్కన గోడ మీద వాళ్ళ ఫ్లాస్కులు వరసగా. ఎవరూ గడగడా తాగరు. ఒక్కో గుక్క. హోటల్లో కూర్చుంటే ముందు వేణ్ణీళ్ళు తెచ్చి పెడతారు, కాచి మరీ, రోగులకి ఇచ్చినట్టు.

"పిలకాయలకి కూడానే" అంది వదిన రాత్రి పడుకునేటప్పుడు, గొంతు తగ్గించి. "ఇంత ఊరికి ఎలాగొచ్చీసినాదే! ఆ డాన్సు సేసే ముసిలోలు సూడు. నంబరు సూసుకుని ఏడుపు మానీసి ఆడుకుంతన్నారు. మనం అలాగుండాల."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పక్కనే సముద్రమంత నది పెట్టుకుని ఈ జనానికి ఏ నీళ్ళు పోశారో! ఏ ఫ్యాక్టరీవాడు ఏం కలిపాడో! వీళ్ళ దగ్గర సంఘం ఉందా, ఎవరిని నిలదీశారు? అడగాలని నాలుక దురద. కానీ ప్రవల్లికని అడగలేం. కిడ్నీ అన్న మాటెత్తితే అది వాళ్ళమ్మ వైపు చూస్తుంది. చూస్తే తెలుసుకుంటుంది. అందుకని మేమిద్దరం ఆ ఊరి దుఃఖాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాం.

మెట్రోలో వదిన తన సీటులోంచి లేచి, ఫ్లాస్కు పట్టుకు నిలబడ్డ ఒక కుర్రాణ్ణి భుజం నొక్కి కూర్చోబెట్టింది. వాడు ఎర్రబడిపోయి లేచాడు. ఈవిడ మళ్ళీ నొక్కింది. వాడు మళ్ళీ లేచాడు.

"ఏటమ్మా అది?" అంది ప్రవల్లిక.

"కాళ్ళు తిమ్మిరెక్కినాయే. నిలబడతాను."

ఎండ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మన రోహిణి కార్తెలో సముద్రం గాలన్నా ఉంటుంది. అక్కడ గాలి లేదు. కొండల మధ్య ఆవిరి ఇడ్లీ పాత్రలో ఉన్నట్టు ఉంటుంది. ఎటు పోవాలన్నా మెట్లు. వదిన పెదవులు పగిలి పొలుసులు లేచాయి. గోడ పట్టుకుని ఆగేది, సీసా తీసేది, మూతలో పోసేది, నాలుక తడుపుకునేది. పిల్ల ముందు వీలున్నంతవరకు అదీ చేసేది కాదు. ఎర్రటి మిరపకాయల నూనెలో అన్నీ ముంచి తినే హోటలుకి ప్రవల్లిక సరదాగా తీసుకెళ్ళింది. ఒక్క ముద్దకే వదిన కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నాలుకున్నాదో పోనాదో తెల్డం నేదు" అంది. పిల్ల నవ్వి వేణ్ణీళ్ళ గ్లాసు ముందుకి తోసింది. అది తల తిప్పగానే ఆ గ్లాసు నా ముందుకొచ్చింది. నా వాటా, వదిన వాటా, రెండూ నేనే తాగాను. ఆవిడ నా గొంతు వైపు చూస్తూ కూర్చుంది, నీళ్ళు దిగుతుంటే.

పట్టా రోజు బాగానే జరిగింది. నల్ల గౌను, టోపీ. పేరు పిలిస్తే ప్రవల్లిక వేదికెక్కింది. వదిన సీసాని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది, సీసాకి కళ్ళున్నట్టు. ఈసారి అబద్ధం కాదు.

మర్నాడు పిల్ల హాస్టలు ఖాళీ చేసి కొండ పైన అద్దెగదికి మారాలి. పుస్తకాల పెట్టెలు రెండు. ఆ మెట్లకి ఏ బండీ ఎక్కదు. వీధి మొగలో కూర్చున్న ఒక ముసలి కూలీని పిలిచింది. ఆయన లేచి పక్కనున్న వెదురు బద్ద తీసుకుని, రెండు కొసలకీ రెండు పెట్టెలూ తాళ్ళతో కట్టి, భుజానికెత్తాడు.

వదిన కేక పెట్టింది. "ఒలే కుమారీ! కావిడే!"

అవును, కావిడి. మా అన్న చేపలు మోసినట్టే ఊపులో నడక. వదిన ఆయన పక్కనే మెట్లెక్కింది. ఆయన ఆగితే ఆగింది. వెదురుని తడిమి "బాగా ఎండింది" అని మెచ్చుకుంది. ఆయన వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. ఏం అర్థమైందో వాళ్ళకే తెలియాలి.

సగం కొండెక్కాక చిన్న కొట్టుంది, ముందు రాతి అరుగు. ముసలాయన కావిడి దించి అక్కడ కూలబడ్డాడు. చెమట కారిపోతోంది. నడుముకి కట్టుకున్న పెద్ద ఫ్లాస్కు విప్పాడు. మూత తీశాడు. ఒక్క గుక్క కాదు. తల వెనక్కి వాల్చి, గడ గడ గడ, ఎత్తిన ఫ్లాస్కు దించలేదు.

"ఒద్దు బాబో! అంత తాగీకు!"

నేను కళ్ళార్పేలోపు వదిన ఎగిరి ఆయన చేతిలోంచి ఫ్లాస్కు లాగేసింది. నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. ముసలాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కొట్టు ఆడమనిషి బయటికొచ్చింది. దారినపోయేవాళ్ళు ఆగారు.

"అమ్మా! ఏటి సేత్తన్నావు?" ప్రవల్లిక అడ్డమొచ్చింది.

"సూడవే, సీసాడు ఒక్కసారే తాగీత్తన్నాడు! రాత్రికి ఊపిరాడక కొట్టుకుంటాడు! నువ్వు డాక్టరువి కదే, సెప్పు ఆయనకి! ఒక్కో మూత తాగమని సెప్పు!"

"ఆయనకేటైంది?"

"ఏటైందేటే? ఊరందరికీ అయిందే అయింది! డైవరుకీ, గేటుకాడ ముసిలోడికీ, బడిపిలకాయలకీ... ఇంత జబ్బు పెట్టుకుని ఈ ముసిలోడు బరువులు మోత్తన్నాడు, ఎవులూ అడగరా?"

ప్రవల్లికకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "అది జబ్బు కాదమ్మా! ఇక్కడోళ్ళు చన్నీళ్ళు తాగరు. వేణ్ణీళ్ళే ఆరోగ్యమని, ఎక్కడికెళ్ళినా పట్టుకెళ్తారు. ఆకులేసుకుని టీలా తాగుతారు. అంతే! ఊరందరికీ కిడ్నీలు బాగానే..."

నవ్వు అక్కడ తెగింది.

వాళ్ళమ్మ ఎడం చేతిలో ముసలాయన ఫ్లాస్కు ఉంది. కుడి చేతిలో తన సీసా మూత ఉంది. ఫ్లాస్కు లాక్కునే ముందు తను పోసుకున్న ఒక్క మూత. ఆ గొడవలో కూడా అందులోంచి ఒక్క చుక్క ఒలకలేదు. ప్రవల్లిక ఆ చేతినే చూసింది. మూత ఎలా పట్టుకుంటే ఒలకదో ఈ లోకంలో అందరికంటే దానికే బాగా తెలుసు.

"అమ్మా" అంది. "క్రియాటినెంత?"

వదిన నా వైపు చూసింది. నేను కొండ వైపు చూశాను.

"రెండు నేదులే. రెండుకి తక్కువే."

"ఎప్పటినుంచి?"

"సలికాలం."

పిల్ల మెట్ల మీదే మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు పైకి జరిపి చీలమండల దగ్గర బొటనవేలుతో నొక్కింది. చుట్టూ జనం. దానికి పట్టలేదు. కనురెప్ప కిందికి లాగి చూసింది. మందులేవి వాడుతున్నావంది. ఆయాసం వస్తోందా, రాత్రి పడుకుంటే ఊపిరాడుతోందా అంది. మూత్రం వస్తోందా అంది.

"ఒత్తాది గానీ కొంచెవే. తాగితే కదే ఒచ్చీది."

"నీళ్ళు తగ్గించమని ఎవరు సెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు."

"తాగమనీ సెప్పలేదా?"

"అదీ ఎవులూ సెప్పనేదు. జాగ్రత్త అన్నారు. మీ నాన్న జాగ్రత్తే నానూ పడతన్నాను."

ప్రవల్లిక తల వాళ్ళమ్మ మోకాళ్ళకి ఆనించింది. తలెత్తి మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"కిడ్నీ అంటే పడవలో నీళ్ళు తోడే డబ్బా లాంటిదమ్మా. నాన్న డబ్బా పూర్తిగా పోయింది. లోపలికొచ్చిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు. అందుకే కొలత. నీ డబ్బా ఉంది. సొట్టపడింది, అంతే. నీకు వాపు లేదు, ఆయాసం లేదు. నువ్వు నీళ్ళు తాగాలి. మానేస్తే ఆ ఉన్న కిడ్నీలు కూడా ఎండిపోతాయి. నడుంనొప్పికి బిళ్ళలు మింగుతున్నావా?"

"తట్ట మోసి నడుం లాగేత్తాది కదే. అప్పుడప్పుడూ..."

"అవి మానాలి, కిడ్నీలకి పడవు. నీళ్ళు కాదు మానాల్సింది, అవి."

వదిన చేతిలో మూత వైపు చూసుకుంది. "అయితే ఈ ఎండంతా నాను ఊరికినే..."

నాకు అప్పుడు గుర్తొచ్చాయి: ఉప్పుగాలిలో తట్టతో నడిచొచ్చి మూత తడుపుకుని పడుకున్న సాయంత్రాలు, అర్ధరాత్రి లేచి కుండ దగ్గర నిలబడి తాగకుండా తిరిగొచ్చిన అడుగుల చప్పుడు.

కొట్టు ఆడమనిషికి భాష రాకపోయినా సంగతి తెలిసిపోయింది. లోపలికెళ్ళి పెద్ద గ్లాసు నిండా గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. వదిన అందుకోలేదు.

"ముందు నువ్వు సెప్పు. ఇప్పుడు పుస్తకాలు పారీసి నా ఎనకాల ఒచ్చీత్తావా?"

"వస్తాను. ఎందుకు రాను? నాకు సెప్పకుండా దాచి..."

"అయితే తాగను."

"అమ్మా!"

"నువ్వీడ ఉండి పిలకాయల డాక్టరైతే తాగుతాను. నేకపోతే ఇదుగో, ఈ మూతే." జలంత్రకోటలో చేప ధర తెగనప్పుడు తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని పోబోయే మనిషిలా నిలబడింది.

"నీళ్ళ మీద బేరమేటమ్మా నీకు!" ప్రవల్లిక ఏడుస్తూ నవ్వింది. "సరే. ఉంటాను. కానీ రోజూ సాయంత్రం ఫోన్లో నాకు సీసా సూపించాలి. ఖాళీ సీసా. ఊరెళ్ళగానే మళ్ళీ పరీక్ష. ఆ కాగితం నాకు పంపాలి. అత్తా, నువ్వు సాక్షి."

"మీ అత్తకి ఒట్లంటే మా ఇష్టంలే" అంది వదిన నన్ను దెప్పుతూ, గ్లాసు తీసుకుంది.

ముందు అలవాటుకొద్దీ పెదవులే తడుపుకుంది. ఆగింది. పిల్ల వైపు చూసింది. పిల్ల తలూపింది. అప్పుడు తాగింది. గొంతులో నీళ్ళు దిగుతున్న చప్పుడు నాకు వినిపించింది. గ్లాసు సగమయ్యాక కళ్ళు మూసుకుంది. ఖాళీ అయ్యాక ఖాళీ గ్లాసులోకి చూసింది, మా అన్న చూసినట్టే. కొట్టు ఆడమనిషి మళ్ళీ నింపింది.

"ఇదీనా?"

"నీకు దాహముంటే అదీను. మెల్లగా తాగు. ఎవరూ దాచెయ్యర్లే."

ముసలి కూలీ తన ఫ్లాస్కు తిరిగి తీసుకుని, ఇంకా తడి చొక్కాతోనే, దాన్ని వదిన స్టీలు సీసాకి టంగుమని తాకించి, పెద్దగా ఏదో అన్నాడు.

"ఏటంతన్నాడే?"

"నా నీళ్ళు నాకిచ్చినందుకు సంతోషం అంటున్నాడు."

వదిన సిగ్గుపడి ఆయనకి దండం పెట్టింది. మూతలో మిగిలిన నీళ్ళని పారబొయ్యలేదు. కొట్టు ముందు కుండీలో చిన్న మిరప మొక్కుంటే దానికి పోసింది.

ఆ సాయంత్రం అద్దెగది కిటికీలోంచి కింద నది మీద దీపాలు కనిపిస్తున్నాయి. తల్లీకూతుళ్ళు పెట్టెలు విప్పుతూ కీచులాడుకుంటున్నారు. నేను బయట మెట్ల మీద కూర్చుని ఊరికి ఫోన్ చేశాను. నాగమణికి. మా వదినకి నంబరొచ్చిన రోజే దానికీ వచ్చింది, అదే అరుగు మీద తీసిన నెత్తురుకి, అదే "జాగ్రత్త"తో.

"నాగమణీ, రోజుకి నీళ్ళెన్ని తాగుతన్నావు?"

"ఏటప్పా, సైనా ఎల్లి నీళ్ళ లెక్క అడుగుతన్నావు? జాగ్రత్తగానే ఉంతన్నాను. ఎండన పడి ఒచ్చినా మూత దాటట్నేదు."

గొప్పగా చెప్పింది. పరీక్ష పాసైన పిల్లలా చెప్పింది. నేను పక్క వీధివాళ్ళ పేర్లడిగాను. "ఆలూ అంతే. సీసాలు కొన్నారు" అంది.

కాబట్టి, నెత్తురు తీసుకుపోయినవాళ్ళారా, ఇదిగో మీరు చెయ్యాల్సింది. మళ్ళీ రండి. అదే బడికి, అదే అరుగు మీదికి. ఈసారి సూదులతో కాదు, నోటితో రండి. నంబరు పంపిన ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాళ్ళు నొక్కి చూసి, నువ్వు నీళ్ళు తాగొచ్చు అనో, నువ్వు కొలత పెట్టుకోవాలి అనో, ఈ బిళ్ళలు మానెయ్ అనో, మాకు తెలిసే మాటల్లో, మీ నోటితో చెప్పండి. చెప్పింది అర్థమైందో లేదో వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. మంచినీళ్ళ గొట్టం మా పల్లె చివరి ఇంటిదాకా వేసే సంగతి మేం వదల్లేదు, దానికి రోడ్డు మీద విడిగా కలుస్తాం. ఆ గొట్టానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో మీకే తెలియాలి. ఈ మాటకి మాత్రం ఒక్క పూట చాలు. జీపెక్కండి. మా నాగమణి దాహంతో ఉంది.